ప్రెషర్ చాంబర్ టెలిఫోను

1978 జనవరి 9, సోమవారం, ఉదయం 8:20. ఫలక్‌నుమా స్టేషనులో ట్రంకుపెట్టెతో దిగాను. కొద్దిపాటి చలి, మబ్బు లేదు. సైనిక వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటుగా నాకు అప్పగించిన పని పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో ప్రెషర్ చాంబర్ నడపడం. గడువు ఇరవై ఆరు రోజులు.

చాంబర్ అంటే మనిషి పడుకునేంత ఇనుప గొట్టం. తలవైపు గుండ్రని అద్దం, లోపలికీ బయటికీ ఒక టెలిఫోను. పీడనం రెండింతలు చేసి గంటసేపు ప్రాణవాయువు పీల్పించాలి. లోపలికి నూలు బట్టలే. తలనూనె, అత్తరు, అగ్గిపెట్టె నిషిద్ధం.

మా రోగి సైన్యంలో ఫోన్లు, వైర్‌లెస్ చూసే సిగ్నల్ హవల్దారు, నలభై ఒక్క ఏళ్లు, ఇల్లు ఉప్పుగూడ. మెదడులో ఉబ్బిన రక్తనాళానికి శస్త్రచికిత్స జరిగి నలభై రోజులైంది. ప్రాణం దక్కింది, మాట ఆగింది. పక్షవాతం లేదు, చెవుడు లేదు. కూర్చోబెడితే కూర్చుంటాడు, తినిపిస్తే తింటాడు. ప్రాణవాయువు మనసును కదిలిస్తుందేమోనని మేజర్ డాక్టరు ఆశ. మార్పు కనబడితే ఇరవై విడతలు, లేకుంటే పదితో ఆపాలని ఆదేశం. పదో తేదీన మొదలుపెట్టాను, రోజుకొక విడత.

ఆరో విడతలో, 10:40కి, తొలిసారి ఫోను ఎత్తాను.

"హవల్దార్ సాబ్, చెవులు నొస్తున్నయా?"

"లేదు. ఓవర్."

రిజిస్టరులో రాశాను: మాట వచ్చింది, చికిత్స ఫలితం. రిసీవరు ఆయన భార్య లక్ష్మమ్మ చేతికిచ్చాను.

"ఏమయ్యా, పొద్దుగాల పప్పెట్లుండె?"

"పులుపు తక్కువ."

"నలభై అయిదు దినాలకు నోరు తెరిచి వంకనే పెట్టినవా!" నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. బయటికి తీశాక ఆయన ఒక్క మాటా అనలేదు.

తొమ్మిదో విడతకు ఆయనను లోపల పడుకోబెట్టాక గాలి నింపే కంప్రెసరు మొరాయించింది. పీడనం లేదు, ప్రాణవాయువు లేదు. అలవాటు కొద్దీ ఫోనులో పలకరించాను. జవాబు వచ్చింది. తప్పు నాదని అప్పుడు తెలిసింది. మాట్లాడని మనిషికి ఫోనెందుకని మొదటి ఐదు విడతలు దాన్ని ముట్టనే లేదు. మాట రప్పించింది ఫోను. నేను ప్రాణవాయువు పేర రాశాను.

లక్ష్మమ్మ పక్కనే ఉంది. "అన్నా, గిది రాయకు. ఇరవై నిండనియ్యి. ఈ డబ్బా పోతే నా మనిషి మల్ల మూగైతడు."

"రాయకుంటే రేపు ఇంకో పేషంటును గిట్లనే పండవెడ్తరమ్మా."

"నీకేం ఫికర్? నీ ఇంట్ల మాట్లాడెటోళ్లున్నరు."

రాశాను. డాక్టరు పదో విడతను ఫోను లేకుండా జరిపించారు. బయటికి వచ్చాక ఎదురుగా నిలబడి ఎంత అడిగినా మాట లేదు. అక్కడితో ఆపి, పనికిరావని సైన్యం లెక్కల్లోంచి తీసేసిన రెండు ఫీల్డు టెలిఫోన్లు నాకు ఇప్పిస్తూ సంతకం పెట్టారు. "గాలితో కాలేదు. తీగతో ప్రయత్నించు."

జనవరి 23, సాయంత్రం 5:30. ఉప్పుగూడలో వాళ్ల వంటింటి నుంచి వరండాకు పన్నెండు అడుగుల తీగ లాగాను. లక్ష్మమ్మ వంటింటి ఫోను పిడి తిప్పింది. వరండాలో గంట మోగింది. ఆయన ఎత్తాడు.

"అన్నం తింటవా?"

"తింట."

"ఎవలొండిన్రో ఎరుకేనా?"

"నువ్వే, లక్ష్మీ."

మధ్య తలుపు తెరిచే ఉంది. ఆమె ఆయన ముఖం చూస్తూ మాట్లాడింది. ఆయన గోడను చూస్తూ జవాబిచ్చాడు. 25న యూనిట్‌కు తిరిగి వెళ్లాను. ఆ పన్నెండు అడుగులు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

మూడేళ్ల తరువాత సెలవులో వెళ్లి చూశాను. ఫోన్లు పనిచేస్తున్నాయి. ఆయన తనంతట తాను పిడి ఒక్కసారీ తిప్పలేదట.

పోయినవి: ఆయన కొలువు, మాట మొదలుపెట్టే శక్తి. మిగిలినవి: ఆకలి, నాలుక రుచి, భార్య పేరు, ఫోనులో పిలిస్తే పలికే గొంతు.