పిండిమర గవర్రాజు కచేరీ

తగరపువలస మార్కెట్ వెనక వీధిలో పిండిమర గవర్రాజు ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. క్లారినెట్ గవర్రాజు అని అడిగినా ఆ మర దగ్గరికే తీసుకొస్తారు. ముందు గదిలో మర, వెనక రెండు గదుల్లో కాపురం. అతని ఒంటి మీద నల్ల చొక్కా ఎవరూ చూడలేదు. పొద్దుట ఏ రంగు వేసుకున్నా మధ్యాహ్నానికి అది తెల్లగానే అయ్యేది.

పద్నాలుగో ఏట బ్యాండు మేస్త్రి పైడయ్య దగ్గర క్లారినెట్ పట్టాడు. పంతొమ్మిదో ఏట తండ్రి పోతే మర పట్టాడు. ఆ తరవాత ముప్పై ఎనిమిదేళ్లు రెండిటినీ వదల్లేదు. పెళ్లి ఊరేగింపుల్లో, అమ్మవారి పండగల్లో బ్యాండు వెంట నడుస్తూ జనం అడిగిన సినిమా పాటలు ఊదేవాడు. పైడయ్య చెప్పిన రాగాలు మాత్రం తెల్లారి మర తెరవకముందు ఇంట్లో ఊదుకునేవాడు. మర మోటారు తిరుగుతుంటే వచ్చే ఝుంకారం సరిగ్గా తన శ్రుతికి కుదిరిందని మురిసిపోయేవాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వేవారు గానీ, అతను చెప్పింది నిజమే.

భార్య భ్రమరాంబ అతని మేనత్త కూతురు. అతను ప్రోగ్రాంకి వెళ్లిన రోజు మర ఆవిడే ఆడించేది. మిగతా రోజుల్లో పిండి జల్లించడం, నేల ఊడవడం, రాళ్ల మధ్య ఇరుక్కున్న కారం దులపడం ఆవిడ పని.

కిందటేడు కార్తీకంలో భీమిలి ఊరేగింపులో మొదటిసారి అతనికి ఊపిరి అందలేదు. పల్లవి ఎత్తుకున్నవాడు సగంలోనే క్లారినెట్ దించేశాడు. పక్కనున్నతను అందుకోబట్టి ఎవరికీ తెలియలేదు. రెండో వారం మెట్లెక్కినా ఆయాసం వచ్చింది. సీతమ్మధారలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, "పిండి దుమ్ము, కారం దుమ్ము ఇన్నేళ్లు పీల్చారు. మర మానేస్తే మిగిలిన ఊపిరైనా నిలబడుతుంది. మానకపోతే అదీ పోతుంది" అన్నాడు.

"మరి క్లారినెట్ ఊదొచ్చా అండీ?" అని అడిగాడు గవర్రాజు.

"ముందు మర సంగతి చూడండి" అన్నాడు డాక్టరు.

మర సంగతి ఏం చూస్తాడు? అది తప్ప వేరే బతుకు లేదు. ఆ దుమ్ములో నిలబడడానికి జీతానికి మనుషులెవరూ రారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని మళ్లీ మర ముందే నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే శ్రీనివాసరావు గారు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనది తణుకు వైపు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరై, సీతమ్మధారలో నలుగురితో కలిసి ఒక సంగీత సభ నడుపుతున్నాడు. గాజువాకలో ఒక పెళ్లిలో, మగపెళ్లివారి బస్సు ఆలస్యమై అందరూ విసుక్కుంటుంటే, ఓ మూల కూర్చుని గవర్రాజు తనలో తను ఊదుకున్న ఖరహరప్రియ రాగం ఆయన విన్నాడట.

"మీరెప్పుడూ విడిగా కూర్చుని కచేరీ చెయ్యలేదాండీ?" అని అడిగాడు.

"నేదండి. మాది బ్యాండు కదండి. నడుత్తా ఊదడమే గానీ."

"అయితే ఉగాది వెళ్లాక ఆదివారం మాకు చెయ్యండి. గంటన్నర. వయొలిన్, మృదంగం మేం చూసుకుంటాం."

ఆయన వెళ్లిపోయాక గవర్రాజు మర కట్టేసి గుమ్మంలో కూర్చున్నాడు. ఈ మాట ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా అని ఉంటే బాగుండేది. గంటన్నర కాదు, ఇప్పుడు పావుగంట ఊదితే ఛాతీలో పిల్లికూతలు.

"ఇన్నాళ్లకి నిన్ను కుర్సీ ఏసి కూకోబెడతామన్నారు. ఎల్లవా ఏటి?" అంది భ్రమరాంబ.

"ఊపిరెక్కడుంది భ్రమరా?"

"రెండు నెల్లుంది కదా. నువ్వు మరలోకి అడుగెట్టకు. నాను ఆడిత్తాను."

"నీకు మాత్తరం అది దుమ్ము కాదేటి?"

"నాకేటవద్ది బావా? నానేటి ఊదాలా, పాడాలా?"

అతను మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు పొద్దున లేచేసరికి ఆవిడ అప్పటికే తలకి గుడ్డ చుట్టుకుని మర తిప్పేస్తోంది. ఇంక అతను వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నెల తిరిగేసరికి ఊపిరి కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. పావుగంట అరగంటయింది, అరగంట ముప్పావుగంటయింది. ముందు గదిలో మోటారు మోగుతుంటే వెనక గదిలో అదే శ్రుతిగా ఊదేవాడు. అంత ఆనందం అతను ఆ ఇంట్లో ఎన్నడూ ఎరగడు. ఈలోగా మిరపకాయల కాలం వచ్చింది. ఏడాదికి సరిపడా కారం ఆడించుకునేవాళ్లు పొద్దుటినుంచీ బస్తాలతో వరస కట్టారు. భ్రమరాంబ కళ్లు ఎర్రబడ్డాయి. గొంతు బొంగురుపోయింది. అడిగితే, "మిరగాయల కాలంలో ఎవరికి నేదు" అనేది.

కచేరీ ఇంక నాలుగు రోజులుందనగా మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగింది. గవర్రాజు ఆలాపన మధ్యలో ఉన్నాడు. శ్రుతి పోయినట్టయి క్లారినెట్ దించాడు. అప్పుడు వినబడింది దగ్గు. ఎండు కర్ర చీలుతున్నట్టు, తెరిపి లేకుండా. కిటికీలోంచి చూస్తే, ఆవిడ సందులోకి వెళ్లి గోడకి చెయ్యి ఆనించి దగ్గుతోంది. ఇన్నాళ్లూ మర చప్పుడులో కలిసిపోయిన దగ్గు అది. ఆ దగ్గు అతనికి తెలుసు. తన ఛాతీలో పుట్టిన దగ్గూ మొదట్లో అలాగే ఉండేది.

లేచి తలుపు దాకా వెళ్లాడు. గొళ్లెం మీద చెయ్యి వేశాడు. నాలుగు రోజులే కదా, అనిపించింది. కచేరీ అయిన మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం, మరలో మళ్లీ తనే నిలబడదాం. ఇప్పుడు తలుపు తీస్తే కారం మధ్యకి తను వెళ్లాలి. ఈ రెండు నెలలూ కూడబెట్టుకున్న ఊపిరంతా నాలుగు రోజుల్లో పోతుంది. అలా నిలబడి ఉండగానే కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది. దగ్గు వినబడడం మానేసింది. గవర్రాజు వెనక్కి వచ్చి కూర్చుని, వదిలిన చోటునుంచి ఆలాపన ఎత్తుకున్నాడు.

ఆదివారం ఇద్దరూ బస్సులో సీతమ్మధార వెళ్లారు. హాల్లో అరవైమంది దాకా ఉన్నారు. భ్రమరాంబ పట్టుచీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. మొదటి రెండు కీర్తనలూ తడబాటు లేకుండా జరిగాయి. వయొలిన్ ఆవిడ రెండుసార్లు తలెత్తి అతని వంక చూసింది. ఖరహరప్రియ మొదలుపెట్టాడు. జనం కదలకుండా వింటున్నారు. పై షడ్జం మీద నిలబడి, ఊపిరి ఇంకా మిగిలే ఉందని తనకే ఆశ్చర్యం కలుగుతుండగా, భ్రమరాంబ దగ్గింది.

కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. పక్కవాళ్లు తిరిగి చూశారు. ఆవిడ వంగి, కుర్చీలు పట్టుకుంటూ బయటికి వెళ్లిపోయింది. కిటికీలు తీసే ఉన్నాయి. మెట్ల మీదనుంచి దగ్గు అతనికి వినబడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. ఆగినందుకు అతను ఎంత తేలికపడ్డాడో అంత బాగా ఊదాడు. ఇంకో అరగంట ఊదాడు.

చప్పట్లయ్యాక శ్రీనివాసరావు గారు శాలువా కప్పబోతుంటే వదిలించుకుని బయటికి పరిగెత్తాడు. భ్రమరాంబ మెట్ల మీద గోడకి జారగిలబడి ఉంది. పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి. పిలిస్తే కళ్లు తిప్పింది గానీ మాట రాలేదు. శ్రీనివాసరావు గారి కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆరు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

"ఈవిడకి ఈ జబ్బు రెండు నెలల్లో వచ్చింది కాదండీ. ఎన్నో ఏళ్లుగా ఉంది. ఈ రెండు నెలల్లో ముదిరింది. ఇంతకుముందు ఎవరూ చూపించలేదా?" అని అడిగాడు అక్కడి డాక్టరు. గవర్రాజు మంచం వైపు చూశాడు. తనకి ఎక్స్‌రే తీయించుకున్న రోజు ఆవిడా పక్కనే నిలబడి ఉంది. ఆవిడకీ ఒకటి తీయిద్దామని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఇంటికి తెచ్చాక ఒక రోజు గంజి తాగిస్తూ అతనే ఎత్తాడు.

"ఆ రోజు కరెంటు పోయినప్పుడు నువ్వు దగ్గడం ఇన్నాను భ్రమరా."

"తెల్సు" అంది ఆవిడ.

"ఎలాగ తెల్సు?"

"క్లారినెట్ ఆగింది కదా. తలుపుదాకా వొచ్చినావు, అడుగులు ఇనబడ్డాయి. కరెంటొచ్చినాక మళ్లీ మొదలెట్టినావు."

గవర్రాజు గ్లాసు దించాడు. "మరి నన్నేటీ అన్లేదేటి?"

"ఏటంతాను బావా. నాలుగు రోజులే కదా అని నానూ అనుకున్నాను."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆవిడ గంజి తాగేసి గోడవైపు తిరిగి పడుకుంది.

తరవాత మర అమ్మాలని చూశాడు. పాకెట్ పిండి వచ్చాక ఆ పాత మర ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు పొద్దుటిపూట మాత్రం తెరిచి తనే ఆడిస్తున్నాడు. కారం ఆడించడం మానేశాడు. తెచ్చుకున్న ఊపిరి నెల తిరక్కుండానే పోయింది. శ్రీనివాసరావు గారు రెండుసార్లు ఫోన్ చేశాడు. విజయనగరంలో ఎవరో కచేరీ అడుగుతున్నారన్నాడు. "నా వల్ల కాదండి" అని పెట్టేశాడు. భ్రమరాంబ ఒకసారి, "కాసేపు ఊదు బావా, ఇంతాను" అంది. పెట్టె తీసి, ముక్కలు బిగించి, రీడు తడిపి పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఊదలేదు. మళ్లీ విప్పి పెట్టెలో పెట్టేశాడు.

నెలకోసారి ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. మొన్న వెళ్లినప్పుడు నర్సు ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి గట్టిగా ఊదమంది. లోపల ముల్లు ఎంతవరకు పోతే ఊపిరితిత్తులకి అంత బలమట. గవర్రాజు ఊదాడు. ముల్లు సగానికి కూడా పోలేదు. భ్రమరాంబ ఊదింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"ఇంకోసారి ఊదమ్మా" అంది నర్సు.

ఆవిడ గొట్టం పట్టుకుని మొగుడి వైపు చూసింది. "ఎలాగూదాలి బావా?"

"బుజాలు లేపకు" అన్నాడు. చేత్తో ఆవిడ భుజం కిందికి నొక్కాడు. "పొట్టతో లాగు. నిండా లాగి, సిటికంతసేపు ఆపు. ఆఁ, ఇప్పుడొదులు."

ముల్లు ఇందాకటి కంటే ఒక గీత ముందుకి పోయి ఆగింది. నర్సు కాగితం మీద అంకె రాసుకుని, మూడోసారి ఊదమంది.