నాంచారమ్మ రెండు పిడతలు

ఏలూరు సంతకు చేపలు పడవల మీదే వెళ్లే పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. కొల్లేటి లంకలో పొద్దున్నే నాంచారమ్మ ముఖం చూసిన మగాడు లేడు. ఆవిడే చూడనిచ్చేది కాదు. రేవులో దోనెలు కదిలిపోయేదాకా గుడిసెలో గోడవైపు తిరిగి కూర్చునేది.

కాపురానికొచ్చిన కొత్తలో మొగుడు పెద్దింటయ్య చద్దిముంత మరిచిపోయి రేవుకు వెళ్తుంటే, "ఏమయ్యోయ్, నీ చద్ది!" అని వెనకనుంచి పిలిచింది. వేటకు వెళ్లేవాణ్ణి వెనక్కి పిలవకూడదని ఆ ఊళ్లో పసిపిల్లలకైనా తెలుసు. ఆ సాయంత్రం గాలివాన కొట్టింది. పెద్దింటయ్య తిరిగి రాలేదు. బంగారురాజు అప్పటికింకా కడుపులో ఉన్నాడు.

ఇక ఎవరి వల ఖాళీగా వచ్చినా "దాని మొహం చూశాం" అనేవారు. వల నిండిన రోజున చూశారో లేదో మాత్రం ఒక్కడికీ గుర్తుండదు. లోకం తీరే అంత, తనకు నచ్చిన సాక్ష్యాన్నే మూట కట్టుకుంటుంది! ఊరు అన్నందుకు ఏడ్చి ఊరుకునేదే గాని, ఆ మాట నాంచారమ్మ కూడా నమ్మి గోడవైపు తిరిగింది. అదీ అసలు భయం.

బంగారురాజు వేటకు వెళ్లే ఈడుకొచ్చాక ఆ భయం రెట్టింపైంది. చెడు మొహంలో ఉంటే చూపులోనూ ఉండాలిగా, నిజంగానే తన చూపులో చావుందా? తేల్చుకోవాలనుకుంది. ఒక పొద్దున దడి సందులోంచి దోనెలను చూసేది, మర్నాడు చూడకుండా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే వాళ్లు బెదిరి వల సరిగ్గా వేయరు, అప్పుడు తప్పు తన చూపుదో వాళ్ల బెదురుదో తేలదు. సాయంత్రం గంపలు నిండుగా వస్తే పిడతలో ఒక నత్తగుల్ల వేసేది. చూసిన రోజులకు ఒక పిడత, చూడని రోజులకు మరొకటి. పుస్తకాలవాళ్లు దీన్నే పరిశోధన అంటారు. చూసిన రోజున మాత్రం దోనెలన్నీ ఒడ్డు చేరేదాకా ఆవిడకు ముద్ద దిగేది కాదు.

కొడుకు దోనె దడి ముందుకు వచ్చేసరికి కళ్లు గట్టిగా మూసుకునేది. పరాయి బిడ్డల మీద పరీక్షా అంటారేమో, తల్లి భయం న్యాయం చూడదు.

వేసవి వెళ్లి వానలు వెళ్లాయి. రెండు పిడతలూ ఇంచుమించు సమానంగా నిండాయి. నాంచారమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. బుద్ధి ఒప్పుకుంది. గుండె ఒప్పుకోలేదు.

కార్తీకంలో ఒక పొద్దున బంగారురాజు తడిక బయట నిలబడ్డాడు.

"అమ్మా, ఇయ్యాళైనా రేవుకి రావే. ఎవరేమనుకుంటే మనకేంటి?"

ఆవిడ లేచింది. తడిక మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసేసింది.

"ఎల్లొస్తానే అమ్మా," అన్నాడు వాడు. ఆవిడ మళ్లీ గోడవైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. దోనెలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. అది మర్నాడు తుంగలో బోర్లాపడి దొరికింది. పక్కింటి అచ్చమ్మ గుండెలు బాదుకుంది.

"దాని మొహం చూసే ఎల్లుంటాడు!"

"లేదొదినా," అంది నాంచారమ్మ. "చూళ్లేదు. రమ్మని పిలిచాడు. భయమేసి తడిక తియ్యలేదు."

తడిక మీద చెయ్యి వేసి మళ్లీ తనే అంది.

"తీసినా బాగుండేది. నా బిడ్డని ఒక్కసారి చూసుకునేదాన్ని."