మంత్రిగారికి మిగిలిపోయిన క్లాసు

బ్రేకక్క ఎమ్మెల్యే అయ్యాక కూడా పక్కసీటు వదల్లేదు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు వెనక సీట్లో జారగిలబడి కూర్చుంటారు కదా, ఈవిడ మాత్రం ముందుకెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుంటుంది. కూర్చుని ఊరుకున్నా బాగుండేది. దారిలో ఓ కుక్క అడ్డం వచ్చిందంటే చాలు, కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కుతుంది. అక్కడ పెడలూ లేదు, పాడూ లేదు, ఉత్త రబ్బరు చాప. అయినా తొక్కుతుంది.

"అమ్మా, మీరు తొక్కినప్పుడల్లా కారు ఆగట్లేదు గానీ నా గుండె ఆగుతోంది," అని కొత్త డ్రైవరు మొదటి వారంలోనే మొత్తుకున్నాడు.

"ఏం చెయ్యను నాయనా, కాలు నా మాట వినదు," అంది బ్రేకక్క.

నిజమే, వినదు. ఆ కాలికి పాతికేళ్ళ అలవాటు. డ్రైవింగు స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఓ బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే నేర్పేవాళ్ళు తొక్కుతారు. ఆ రెండో బ్రేకు మీద కాలుపెట్టి ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పిన మనిషి ఆవిడ. బ్రేకక్క అనే పేరు అలా వచ్చింది. అసలు పేరు ఓట్ల యంత్రం మీద చూసి, "ఈవిడెవరబ్బా?" అని కంగారుపడి, పక్కనున్న ఫొటో చూశాక కుదుటపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆవిడ తండ్రి లారీ డ్రైవరు. తల్లి పోయాక పిల్లని ఎవరి దగ్గరా వదల్లేక లారీలోనే తిప్పుకున్నాడు. గేరు మార్చే చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్ల, ఇంజను ఆగిపోతే లేచి ఏడ్చేదిట. పెళ్ళి చేసుకున్నది డ్రైవింగు స్కూలాయన్ని. స్కూలంటే ఏముంది, సైకిలు షాపు పక్కన ఓ రేకుల షెడ్డు, గోడకి రోడ్డు గుర్తుల బొమ్మలు, ఓ పాత కారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. శిష్యుడు తప్పు చేస్తే బ్రేకు తొక్కకుండా కళ్ళు మూసుకునేవాడు. అలా రెండు గోడలూ ఒక పాలబండీ అయ్యాక, భార్యే పక్కసీట్లోకి వచ్చింది.

ఇంట్లో అత్తగారు ఊరుకుంటుందా? "కోడలు ఊరి మీద పడి కార్లలో తిరగడమేమిటే?" అని ఇల్లు పీకి పందిరేసింది. బ్రేకక్క వాదించలేదు. "అత్తయ్యా, ముందు మీకే నేర్పుతాను, రండి," అని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. అత్తగారు మొదటిరోజే స్కూలు గేటు పడగొట్టింది. ఆ తర్వాత వెనక సీటుకి మారింది. మళ్ళీ దిగలేదు. శిష్యులెవరైనా సరే, వెనకనించి అత్తగారి వ్యాఖ్యానం వింటూ నేర్చుకోవాల్సిందే. అది తట్టుకున్నవాడు ఏ రోడ్డు మీదైనా నడపగలడని ఊళ్ళో పేరు.

కారులో కూర్చుంటే మనుషులు ఎందుకో మనసు విప్పుతారు. రెండో గేరులో పడగానే ఒకావిడ బజార్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేక పొద్దుట్నించీ నీళ్ళు తాగడం మానేశానని చెప్పింది. ఆసుపత్రి నర్సు, డ్యూటీ దిగేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుందనీ, అందుకే కారు నేర్చుకుంటున్నాననీ చెప్పింది. గోదాముల వెనక సందులో దీపాలు లేవని ఒకరు, కుళాయిలో నీళ్ళు రావని ఒకరు. ఎవరు ఏం చెప్పినా, "అద్దం చూస్తూ చెప్పమ్మా," అని బ్రేకక్క అన్నీ మనసులో పెట్టుకుంది. ఎవరో ఒకరు పట్టించుకుంటారని చాలాకాలం ఎదురుచూసి, ఎవరూ పట్టించుకోకపోతే, తనే ఎన్నికల్లో నిలబడింది.

ప్రచారం కూడా ఎర్ర 'ఎల్' అక్షరం బోర్డున్న ఆ స్కూలు కారులోనే. అవతలి అభ్యర్థి కార్లు దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయేవి, లోపల ఉన్నది మనిషో తలగడో ఎవరికీ తెలిసేది కాదు. ఈవిడ కారు నడక వేగంతో పోయేది. జనం పక్కనే నడుస్తూ కిటికీలోంచి మాట్లాడేవాళ్ళు. ఓ ముసలాయన వీధి మొదటినించి చివరిదాకా నడిచి, తన మోకాలి కథంతా చెప్పి, "గెలిస్తే నాకేం చేస్తావో అనవసరం, ఇంతసేపు ఎవరూ విన్లేదు," అని వెళ్ళిపోయాడు.

గెలిచింది. దీపాలు వచ్చాయి. మరుగుదొడ్లు కట్టారు, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న గొడవ కూడా తీరింది. నర్సుల బస్సు నడుస్తోంది. మిగిలింది కూడలి.

మూడు రోడ్లు కలిసే ఆ కూడలికి ఇటు ఇళ్ళు, అటు బడి. సిగ్నలు లేదు. బడిగంట వేళకి లారీలు, ఆటోలు, బస్సులు, సైకిళ్ళు అన్నీ ఒకదాని మీదొకటి పడుతుంటాయి. బడి ఆయా ఓ పొడుగాటి తాడు పట్టుకుని, దానికి పిల్లల్ని తగిలించినట్టు నడిపిస్తుంది. రోజూ తల్లులు గేటు దగ్గర అరచేతుల్లో ప్రాణాలు పెట్టుకుని చూస్తుంటారు. బ్రేకక్క వాళ్ళ ముందు నిలబడి, "సిగ్నలు తేలేకపోతే మళ్ళీ ఓటడగడానికి మీ గుమ్మం తొక్కను," అని మాటిచ్చేసింది. మాటిస్తే ఇచ్చినట్టే.

అక్కడే వచ్చింది చిక్కు. రోడ్ల శాఖ ఇంజనీర్లు చూడ్డానికి వచ్చారు. పెద్దవాళ్ళు వస్తున్నారని పోలీసులు మూడు రోడ్లూ ఆపేశారు. ఇంజనీర్లు దిగి చూస్తే కూడలిలో ఓ పావురం తప్ప ఏమీ లేదు. "రద్దీ లేదు" అని వెళ్ళిపోయారు. ఇంకోసారి ఏకంగా రోడ్ల మంత్రిగారే వచ్చారు. ఈసారి పావురాన్ని కూడా తోలేశారు.

"ఇంత ప్రశాంతంగా ఉంటే సిగ్నలెందుకమ్మా, నాలుగు పూలకుండీలు పెట్టండి," అన్నాడాయన.

బ్రేకక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. సోమవారం ఆ ఏడాది పనులన్నీ మంత్రి శాసనసభలో ప్రకటిస్తాడు. అందులో లేకపోతే ఇంకో ఏడాదిదాకా ఆ తాడే గతి.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తగారు, "ఈ మంత్రి మన కారులో నేర్చుకున్నవాడే కదే? టెస్టు మూడుసార్లు తప్పి, నాలుగోసారి గట్టెక్కాడు," అంది.

"అవునత్తయ్యా. లైసెన్సు చేతికి రాగానే మాయమయ్యాడు. ఆఖరి క్లాసుకి రానేలేదు," అని బ్రేకక్క ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

ఆ స్కూల్లో ఓ పద్ధతి ఉంది. ఆఖరి క్లాసు ఎప్పుడూ బడిగంట వేళకి, ఆ కూడలిలోనే. అది దాటించగలిగితేనే ఆవిడ దృష్టిలో వాడికి డ్రైవింగు వచ్చినట్టు.

మర్నాడు సభ విరామంలో, మంత్రి టీ తాగుతుంటే పట్టుకుంది. "మంత్రిగారూ, మీకు నా దగ్గర ఓ క్లాసు మిగిలిపోయింది."

ఆయనకి టీ పొలమారింది. "ఇప్పుడా? నాకు డ్రైవరున్నాడు కదండీ."

"డ్రైవరుకి వచ్చులెండి. మీకు రాదు. రోడ్ల మంత్రికి రోడ్డు దాటడం రాదని నేనైతే ఎవరికీ చెప్పను. మా అత్తగారి సంగతి నాకు తెలీదు."

అత్తగారి మాట వినగానే మంత్రి మొహంలో పాత భయమొకటి కదిలింది. తర్వాత ఫక్కున నవ్వాడు. సైరన్లు లేకుండా, పోలీసులకి చెప్పకుండా, టోపీ పెట్టుకుని శుక్రవారం సాయంత్రం రేకుల షెడ్డు దగ్గర దిగాడు.

మంత్రి స్టీరింగు పట్టుకోగానే బ్రేకక్క నోట్లోంచి "మీరు" ఎగిరిపోయింది. "సీటు ముందుకి జరుపుకో. అద్దం చూసుకో. ఆ అద్దంలో నీ మొహం కాదు బాబూ, రోడ్డు కనపడాలి."

వెనక సీట్లోంచి అత్తగారు, "ఒళ్ళు చేశావు నాయనా. అప్పుడు నీ పక్కనించి గేరు కనపడేది," అంది.

"బాగున్నారా అమ్మా?"

"నువ్వు దిగాక చెబుతాను."

కారు గెంతుతూ కదిలింది. సైకిలు షాపువాడు మంత్రిని గుర్తుపట్టలేదు గానీ ఆ గెంతుడు గుర్తుపట్టి, లోపలున్న సైకిళ్ళు ఇంకాస్త లోపలికి జరిపాడు. కూడలి చేరేసరికి బడిగంట మోగింది. అంతే. ఇటు లారీ, అటు బస్సు, మధ్యలో ఆటోల గుంపు. మంత్రి నుదుటి మీద చెమట పట్టింది. మెల్లగా ముందుకి పోనిచ్చాడు. సరిగ్గా నడిమధ్యకి వచ్చి కారు ఆగిపోయింది. ఇంజను తిప్పాడు, అది మోగింది. గేరు వేశాడు, పడింది. ఎంత తొక్కినా కారు మూలుగుతోందే తప్ప అంగుళం కదలదు. చుట్టూ హారన్లు. ఓ ఆటో అతను తల బయటపెట్టి, "నేర్చుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా బాబాయ్?" అన్నాడు.

"కారు పాడైందండీ," అన్నాడు మంత్రి ఏడుపు గొంతుతో.

"కోడలా," అంది అత్తగారు నింపాదిగా, "నీ కాలెక్కడుందే?"

బ్రేకక్క కిందికి చూసుకుంది. రెండో బ్రేకు నేలకి అంటుకుపోయి ఉంది. దాని మీద తన కాలు. కళ్ళముందు లారీ కనపడగానే ఎప్పుడు తొక్కిందో తనకే తెలీదు.

మంత్రి కూడా చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ సంగతి. మీ కాలు వల్ల ఇరుక్కున్నాం గానీ రద్దీ వల్ల కాదన్నమాట. భలే ఎత్తే వేశారు మేడం."

ఎత్తు కాదని ఎంత చెప్పినా నమ్మడు. సిగ్నలు తన కాలికిందే నలిగిపోయేట్టుంది. బ్రేకక్క చెప్పులు విడిచేసి, రెండు కాళ్ళూ పైకి తీసి సీట్లో మఠం వేసుకుని కూర్చుంది.

"ఇదిగో, నా కాళ్ళు నీ కళ్ళెదురుగానే ఉన్నాయి. దాటు."

మంత్రి హుషారుగా కదిలించాడు. లారీ గర్జించింది, ఆగాడు. మళ్ళీ కదిలించాడు. ఎడమవైపు బస్సు అద్దాన్ని రాసుకుంటూ పోయింది, ఆగాడు. కుడివైపు నించి సైకిలు మీద ఓ ఆడపిల్ల సర్రున దూసుకొచ్చింది. ఈసారి ఆగడం కూడా చేతకాక స్టీరింగు గట్టిగా కావలించుకున్నాడు. కారు దానంతటదే గెంతి ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల నాలుక బయటపెట్టి వెక్కిరించి వెళ్ళిపోయింది.

"అక్కా," అన్నాడు మంత్రి సన్నటి గొంతుతో. "కాలు కింద పెట్టక్కా. నాకు భయంగా ఉంది."

బ్రేకక్క గభాలున కాలు దించింది. అంత తృప్తిగా ఆ బ్రేకు ఎప్పుడూ తొక్కలేదు.

"పిల్లలకి ఆ బ్రేకు లేదు బాబూ," అంది మెల్లగా.

అంతలో బానెట్టు మీద ఎవరో దబదబా బాదారు. తాడు పట్టుకున్న ఆయా. వెనక తాడు పొడవునా పిల్లలు. "ఏమయ్యా టోపీ, ఎలాగూ కదలవు కదా, దిగి అటువైపు లారీల్ని ఆపు. వీళ్ళని దాటిస్తాను."

మంత్రి దిగాడు. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ చాచి లారీకి ఎదురుగా నిలబడ్డాడు. లారీ డ్రైవరు తిట్టబోయి, గాలికి టోపీ ఎగిరిపోవడంతో, గోడల మీద పోస్టర్లలో చూసిన మొహం గుర్తుపట్టి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పిల్లలు నవ్వుకుంటూ దాటారు. ఆఖరి పిల్ల వెనక్కి తిరిగి, "రేపు కూడా వస్తారా?" అని అడిగింది.

సోమవారం సభలో పనులు ప్రకటిస్తూ మంత్రి మొట్టమొదట ఆ కూడలి సిగ్నలే చెప్పాడు. "స్వయంగా పరిశీలించాను" అన్నాడు. ఎలా పరిశీలించాడో చెప్పలేదు. బ్రేకక్క కూడా చెప్పలేదు. అత్తగారు మాత్రం ఆ సాయంత్రానికే మూడు వీధులకీ చెప్పేసింది.

సిగ్నలు ప్రారంభానికి ఆయన హంగులన్నిటితో వచ్చాడు. పోలీసులు మళ్ళీ రోడ్లు ఆపబోతే, వద్దన్నాడు. బ్రేకక్కనీ, అత్తగారినీ తన కారులోనే ఎక్కించుకున్నాడు. కూడలికి వచ్చేసరికి ఎర్రదీపం పడింది. మంత్రి కారు బుద్ధిగా ఆగింది. బడి పిల్లలు తాడు లేకుండా, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులేసుకుని, తీరిగ్గా దాటుతున్నారు. గేటు దగ్గర తల్లులు కబుర్లలో పడి ఇటు చూడనే లేదు.

ముందుసీట్లో బ్రేకక్క కళ్ళు తుడుచుకుంది. వెనకనించి అత్తగారు వంగి చూసింది.

"దీపమే ఆపిందిగా, ఇంకా ఎందుకే ఆ చాప తొక్కుతావు? తియ్యి కాలు."

"పచ్చదీపం పడనివ్వండి అత్తయ్యా, తీస్తాను," అంది బ్రేకక్క.