ఇజ్మీర్‌లో మూసుకున్న తలుపులు

పోయిన వారం, చాలా కాలానికి, మా ప్లేనో నుంచి డాలస్ డౌన్‌టౌన్‌కి రైల్లో వెళ్ళాను. ఏ చిన్న పనికైనా కారు తీయడమే అలవాటైన ఊళ్ళో రైలెక్కడమే అరుదు. తలుపులు మూసుకునే ముందు గంట మోగేసరికి, పక్కన నిలబడ్డ ఎవరో పిల్ల చేతిని నాకు తెలియకుండానే గట్టిగా పట్టేసుకున్నాను. ఆ పిల్ల తల్లి వింతగా చూస్తే క్షమించమని చెప్పి వదిలేశాను గాని, దిగవలసిన స్టేషన్ వచ్చేదాకా నా గుండెదడ తగ్గలేదు.

ఆ దడ నాకు టర్కీలో పట్టుకున్నది. రెండువేల పది ప్రాంతంలో మావారికి ఆఫీసు పని మీద ఇజ్మీర్ అనే ఊళ్ళో ఒక వారం ఉండవలసి వచ్చింది. మా దగ్గర కొన్ని నెలలు గడిపి రాజమండ్రికి తిరుగు ప్రయాణమైన మా అత్తగారినీ, ఐదేళ్ళ మా అమ్మాయినీ వెంటబెట్టుకుని, ఆ వారం ఊరు చూసి అటునుంచి అటే ఇండియా వెళ్ళిపోదామని నేనూ బయలుదేరాను. స్నేహితుల్లో వద్దన్నవాళ్ళే ఎక్కువ. భాష రాదు, చిన్నపిల్ల, పెద్దావిడ అంటూ ఒక్కొక్కరూ ఒక్కో భయం నా పెట్టెలో సర్ది పంపించారు.

నిజానికి ఊరు చూస్తే భయపడవలసిందేమీ కనిపించలేదు. సముద్రం ఒడ్డున తీరిగ్గా నడిచే జనం, వెనక అద్దాల మేడలు, కోనాక్ అనే కూడలిలో అందమైన గడియార స్తంభం. అక్కణ్ణుంచి మెట్రోలో ఒకే ఒక్క స్టేషన్ వెళితే, అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టల నడుమ, రెండువేల ఏళ్ళనాటి అంగడి శిథిలాలు. నేల అడుగున రాతి కమానులు, వాటి మధ్య చిన్న కాలువలో ఇప్పటికీ పారుతున్న నీళ్ళు. అత్తగారు ఆ నీళ్ళు తాకి నెత్తిన చల్లుకుని, మనవరాలి నెత్తిన కూడా చల్లారు. మావారు ఆ రోజు మీటింగుల్లో ఉన్నారు కాబట్టి మేము ముగ్గురమే.

తిరిగి కోనాక్‌కి వెళదామని స్టేషన్‌లోకి దిగాం. ఆఫీసులు వదిలే వేళ, జనం ఒత్తిడి. అత్తగారు మనవరాలి చేయి పట్టుకుని ముందు ఎక్కారు. వెనకే నేను కాలు ఎత్తేలోపు నా ముందు నలుగురు దూరారు, గంట మోగింది, తలుపులు మూసుకున్నాయి. అద్దం మీద అరచేతులతో కొట్టాను. లోపల అత్తగారి నోరు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు. తరవాతి స్టేషన్‌లో దిగమని చేత్తో సైగ చేస్తూ రైలు వెంట పరుగెత్తాను, అది సొరంగంలోకి వెళ్ళిపోయింది.

ఆవిడకు తెలిసిన రైళ్ళు నింపాదిగా ఆగి, నింపాదిగా కదిలేవి. మా అమ్మాయికైతే కార్లో బెల్టు పెట్టుకుని కూర్చోవడం తప్ప మరో ప్రయాణం తెలియదు. ఆవిడ దగ్గర ఫోను లేదు, హోటల్ పేరు నోరు తిరగదు. తరవాతి రైలు ఎక్కి కోనాక్‌లో దిగాను. ప్లాట్‌ఫాం మీద వాళ్ళు లేరు. మెట్లెక్కి కూడలిలోకి వచ్చాను. ఎటు చూసినా జనం, ఆ జనం అంచున సముద్రం. గంట క్రితం ముచ్చటపడి చూసిన ఊరే నోరు తెరుచుకుని నిలబడినట్టు కనిపించింది.

మావారి ఫోను పలకలేదు. అమెరికాలో అయితే ఆపదలో పిలిచే 911 అన్న మూడంకెలు నిద్రలో కూడా నొక్కగలను, ఇక్కడ ఏం నొక్కాలో తెలియదు. మళ్ళీ కిందికి పరుగెత్తి, టికెట్ల గదిలోని మనిషికి పిల్ల ఎత్తు చేత్తో చూపించాను, ఒంటి మీద లేని చీరను చుట్టుకుంటున్నట్టు చేతులతో చూపించాను. అది చూసి ఇంగ్లీషు వచ్చిన కాలేజీ అమ్మాయి ఒకతి ఆగి, నా మాట అతనికి చెప్పింది. అతను ఒక్కొక్క స్టేషన్‌కీ ఫోన్ చేస్తున్నాడు. మాటలు నాకు అర్థం కావు గనక అతని ముఖమే చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆ అమ్మాయి నా భుజం మీద చేయి వేసి, ఇద్దరూ ఉన్నారట, లైను చివరి స్టేషన్‌లో, అంది. తనే నా వెంట వచ్చింది.

సిబ్బంది గదిలో అత్తగారు కుర్చీ వదిలి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. ఎవరో ఇచ్చిన టీ ముట్టలేదు. చీర కొంగు చివర మా అమ్మాయి మణికట్టుకు ముడి వేసి ఉంది. నేను ఏడుస్తూ ఆ ముడి విప్పబోతే నా చేయి ఆపారు.

"విప్పకమ్మా. ముందు నువ్వు దాన్ని గట్టిగా పట్టుకో. అప్పుడు నేనే విప్పుతాను."

కోనాక్‌లో ఆవిడ జనాన్ని తప్పించుకుని లేచేసరికే తలుపులు మూసుకుపోయాయట. కిండర్‌గార్టెన్‌లో నేర్పిన మా ప్లేనో ఇంటి ఫోన్ నంబరు మా అమ్మాయి చెబితే అక్కడివాళ్ళు డయల్ చేసి ఇచ్చారట. ఖాళీ ఇంట్లో ఆన్సరింగ్ మెషీన్ నా గొంతుతో పలికిందట.

"అమ్మా, ఫోన్‌లో నువ్వు ఉన్నావ్. నేను హలో అంటే నువ్వు వినలేదు," అంది మా అమ్మాయి.

రాజమండ్రిలో అత్తగారు ఈ కథ నవ్వుతూ చెప్పేవారు. విదేశంలో టికెట్టు లేకుండా చివరిదాకా రైల్లో తిరిగొచ్చానని చుట్టాలను నవ్వించేవారు. ఒక్క నాతో మాత్రం, వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, నెమ్మదిగా అన్నారు: "నేను తప్పిపోతే పోయానమ్మా. దాన్ని నీకు అప్పజెప్పలేనేమోనని భయం. ఇప్పటికీ రైలు శబ్దం వింటే పక్కన దాని చెయ్యి వెతుక్కుంటాను."

ఆ రోజు వరకూ ఆవిడా నేనూ మర్యాదగా మసలుకునే అత్తాకోడళ్ళం, అంతే. అటు తరవాత ప్లేనో నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా ఇద్దరి మధ్యా మూడోవాళ్ళకు తెలియని చనువొకటి ఉండేది.

ఇప్పుడు ఆవిడ లేరు. ఇజ్మీర్ మెట్రో ఆ చివరి స్టేషన్ దాటి ఇంకా చాలా దూరం పోయిందని విన్నాను, అది చివరిది కానే కాదు. మా అమ్మాయికి ఆ రోజు ఏమీ గుర్తు లేదు. నేను చెబితే, ఎవరికో జరిగినట్టు ఆశ్చర్యంగా వింటుంది. అది మరిచిపోవడమే మంచిదని నాకూ తెలుసు. కాని ఆ సాయంత్రం ఎలా ఉండిందో నేను చెప్పకుండానే అర్థమయ్యే మనిషి ఈ భూమి మీద ఒక్కరే ఉండేవారు. ఆ భయం ఇప్పుడు నా ఒక్కదానిదే అయిపోయింది.