నీళ్ళలోంచి తీసిన దొప్ప

“అమ్మా, పెట్టెయ్ దాన్ని నీళ్ళల్లో. అందరూ మనల్నే చూస్తున్నారు.”

“చూడనీ. ఏడో నెల కడుపుతో ఉండి గోళ్ళూ వెంట్రుకలూ ఎవరికో దొరికేలా వదుల్తావా? బుద్ధుందా నీకు?”

“వదిలితేనే కీడు పోతుందటమ్మా. వెనక్కి తీస్తే మళ్ళీ చుట్టుకుంటుంది.”

“చుట్టుకుంటే నన్ను చుట్టుకోనీ. అరవై దాటినదాన్ని, నాకేం?”

“ఎప్పుడూ నీ మాటే నెగ్గాలి!”

నిన్న బజార్లో కార్తీక పౌర్ణమికని అరటి దొప్పల్లో దీపాలు పెట్టి అమ్ముతుంటే, అలవాటుకొద్దీ బేరమాడి, ఆ మనిషి ధర తగ్గించాక కూడా కొనలేక వచ్చేశాను. ఎప్పుడో అమ్మాయీ నేనూ అనుకున్న ఆ మాటలన్నీ మళ్ళీ చెవిలో పడ్డాయి.

రెండు వేల తొమ్మిదిలో అమెరికాలో, డబ్లిన్ అనే ఊళ్ళో, మా అమ్మాయి దగ్గర ఉన్నప్పటి సంగతి ఇది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి జారిపోయింది కాబట్టి ఈసారి నెలలు నిండకముందే వెళ్ళాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, అక్కడి మాట నాకు రాదు. పేపర్ టవల్ కూడా ఉతికి ఆరేస్తానని అల్లుడు నవ్వేవాడు. అమ్మాయితో ఆఫీసులో పనిచేసే థాయ్ పిల్ల ఒకతె, మన కార్తీక పౌర్ణమి వేళకే వాళ్ళకీ నీళ్ళలో దీపాలు వదిలే పండుగ ఉందని, తమ బౌద్ధ గుడికి రమ్మని పిలిచింది.

గుడి వెనక తవ్వించిన చిన్న కొలను. అరటి బోదె ముక్క చుట్టూ ఆకు మడతలు గుచ్చి, బంతిపూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టారు. నిండు అరటాకుల్ని అలా ముక్కలు చెయ్యడం ప్రాణం ఒప్పకపోయినా, మన దొప్పకి తోడబుట్టినదే అనుకుని మురిశాను. అంతలో ఆ పిల్ల చిన్న కత్తెర ఇచ్చింది. మా అమ్మాయి గోటి చివర్లూ, నాలుగు వెంట్రుకలూ కత్తిరించి పూలకింద దాచింది. ఏడాది కీడంతా వాటితో కొట్టుకుపోతుందట. మా వైపు కడుపుతో ఉన్న పిల్ల గోరు ఎవరి కంటా పడకుండా పాతిపెడతాం. చేతబడి భయం మాది. దొప్ప రెండు బారల దూరం పోయింది. గాలికి దీపం ఆరి, తిరిగి ఒడ్డుకే వచ్చింది. వంగి తీసి, లోపలున్నవి ఏరి కొంగున ముడేశాను. ఎప్పుడూ నవ్వే ఆ థాయ్ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా గొడవ అప్పుడే. భిక్షువుల మంత్రాలు మాత్రం ఆగలేదు.

ఆ పిల్ల నమ్మకమూ నా నమ్మకమూ ఒకే భయంలోంచి పుట్టాయని ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో ఇంట్లో నా మాటకి ఎదురులేదని గర్వం. ఇప్పుడు ఎవరు ఏ దీపం ఎలా వదిలినా నోరెత్తను, నన్నడిగేవాళ్ళూ లేరు.

గుడికి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున కాఫీ తాగాక, కడుపులో కదలిక లేదంది అమ్మాయి. రెండు రోజులుగా తగ్గిందనీ, భయపడి ఎవరికీ చెప్పలేదనీ అప్పుడు బయటపెట్టింది. అల్లుడు మా ఇద్దర్నీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ కడుపు మీద చాలాసేపు వెతికి, గుండె చప్పుడు లేదని చెప్పింది. నేను చెయ్యి చాచాను. అమ్మాయి తన చెయ్యి దుప్పటి కిందకి లాక్కుంది.