పాతరలో గబ్బిలాల పలుకు

మొన్న తెల్లవారుతుండగా, కరెంటు వచ్చిందని మనవడు పొలంలోని పాత మోటారు గది తలుపు తోసేసరికి, ఒక వాసన వచ్చి ముఖానికి కొట్టింది. తడిసిన బూడిద, పాత ఉచ్చ, ఎండిన పురుగులు కలిసి మగ్గినట్టుండే ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గబ్బిలాల పెంట వాసన అది. మునిమనవరాలి చెయ్యి పట్టుకుని గడప బయటే నిలబడిపోయాను. ఆ వాసన వెంట రాజోలి దగ్గరి మా ఊరు, తుంగభద్ర మీదుగా వచ్చే చల్లటి వేకువ గాలి, అమ్మ కొంగు వచ్చాయి. భయమూ వచ్చింది.

మా ఊరి చివర కూలిన దొరల గడి ఒకటి ఉండేది. ముళ్లకంప కమ్మిన ఆ దిబ్బ కింద, ఎప్పటివాళ్లో ధాన్యం దాచుకోవడానికి రాతితో కట్టిన పాతర. మనిషి ఒంగి దూరే కన్నం తప్ప దానికి వేరే దారి లేదు. అందులో గబ్బిలాలు వేలాడేవి. ఉగాది వెళ్లి, వేపపూత రాలి, మామిడి తొక్కులు జాడీలకెక్కి, పిల్లలమంతా నది ఇసుకలో చెలిమలు తోడుకుంటూ కచ్చకాయలాడుకునే ఎండాకాలంలో, ఆడవాళ్లు ఆ పెంట ఎత్తి తెచ్చి మిరప మడుల్లో చల్లేవారు. మా నాయన ఆనకట్ట పనికి వలస పోయాడు. కౌలు చేనులో మిరప పండకపోతే మేమూ ఆయన వెనకే మూట కట్టాల్సి వస్తుందని అమ్మ భయం. నా భయమంతా ఆ కన్నమే.

పాతరలోకి దిగేముందు పిల్లల్ని కన్నం దగ్గర కూర్చోబెట్టి వినమనడం మా ఊరి పద్ధతి. గబ్బిలాల సన్నటి కీచు పెద్దల చెవులకు సరిగ్గా అందదు, ముసలివాళ్లకు అసలే అందదు. మేతకు పోయినవి తెల్లవారేసరికి తిరిగొచ్చి కన్నం ముందు గిరగిర తిరుగుతూ పిలిచేవి. ముందే లోపలికి చేరినవి పలికేవి. ఆ పలుకు విన్నాకే బయటివి దూరేవి. పలుకు రాకపోతే ఒక్కటీ దిగేది కాదు.

"ఒంటిగ పండుకోదు బిడ్డా అది," అనేది మా అవ్వ, నాయన తల్లి. "ఉన్నవా అని అడుగుతది. ఉన్న అంటెనే పోతది. మనం గూడ గట్లనే."

నిజంగానే అట్లాగే చేసేవాళ్లం. దిగిన మనిషి నడుముకు మోకు కట్టి, బయటివాళ్లు మాటిమాటికీ "ఉన్నవా?" అని పిలవాలి, లోపలి మనిషి "ఉన్న" అని పలకాలి. ఇంకే మాటా జవాబు కింద లెక్క కాదు. అక్షరాలు నాకు మనవళ్లు పుట్టాక వచ్చాయి గాని, ఈ వినడం మాత్రం ఏడేళ్లకే వచ్చింది.

ఆ రోజు మొదట పలుకు బాగానే వచ్చింది, ఎక్కడో సన్న గాజులు ఒరుసుకున్నట్టు. అమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని కందిలి దీపం పట్టుకుని దిగింది. మోకు అవ్వ చేతిలో ఉంది. కన్నం పక్కన నేను మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చిన గబ్బిలాలు పిలుస్తున్నాయి, లోపలివి పలుకుతున్నాయి. ఉన్నట్టుండి లోపలి కీచులన్నీ ఆగిపోయాయి. బయటివి పిలిచాయి. పలుకు లేదు. మళ్లీ పిలిచాయి. వాటి రెక్కల గాలి నా చెంపలకు తగిలేంత దగ్గరగా తిరుగుతున్నాయి గాని ఒక్కటీ దిగడం లేదు.

"అవ్వా..." కొంగు పట్టి గుంజాను.

"ఏం ఇనబడ్డదే?"

"ఏం ఇనబడ్తలేదు. లోపలియి పలుకుతలేవ్."

అవ్వ మోకు గుంజడం మొదలుపెట్టింది. లోపలినుంచి అమ్మ అరుపు: "అత్తా, గంప నిండలే! ఆ పిరికిదాని మాట ఇని నన్ను బర్రెను గుంజినట్టు గుంజుతున్నవేంది?"

"నిండకుంటె నిండకపాయె. రేపు నీ మొగడొచ్చి అడిగితె గంపను చూపియ్యాల్నా? పైకి రా!"

అమ్మ మోచేతులు గీరుకుపోయి పైకొచ్చి నా మీద చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగింది. అమ్మ పాకి వచ్చిన కన్నంలోంచే, గబ్బిలాన్ని నోట కరుచుకుని, నాగుపాము ఒకటి వచ్చింది. రాళ్ల మీద నింపాదిగా జారి కంపలోకి పోయింది. దాని నోట్లో ఒక రెక్క ఇంకా కొట్టుకుంటోంది.

ఇక ఇంటికి పోతామనుకున్నాను. అవ్వ నా భుజం పట్టి మళ్లీ కన్నం దగ్గర కూర్చోబెట్టింది.

"ఇను."

ఎండ రాళ్ల మీదికి పాకింది. చాలాసేపటికి లోపల ఒకటి పలికింది. తర్వాత ఇంకొకటి. బయటివి ఒక్కొక్కటే దిగసాగాయి. పలకడం లేదని అబద్ధమాడమని ప్రాణం కొట్టుకుంది. ఆడితే ఇంకోసారి నా మాట నమ్మరు. ఆ ఇంకోసారి కూడా లోపల ఉండేది అమ్మే.

"పలుకుతున్నయ్," అన్నాను.

అమ్మ పాము వచ్చిన దారినే మళ్లీ దిగింది. గంప నిండేదాకా ఊపిరి తీసినప్పుడల్లా నేను "అమ్మా, ఉన్నవా?" అని పిలుస్తూనే ఉన్నాను. "ఉన్న! నీ నోరు పడిపోను, ఉన్ననే!" అని ఆ చీకట్లోంచి అమ్మ తిడుతూ పలుకుతూనే ఉంది.

ఆ ఏడు మిరప పండింది. మేము వలస పోలేదు.

ఇప్పుడా గడి లేదు. దాని రాళ్లు ఇళ్ల పునాదుల్లోకి పోయాయి, పాతర నోట్లో మొరం పోసి చదును చేశారు. ఎరువు దుకాణంలో బస్తాల్లో దొరుకుతోంది. మోకు పట్టుకుని పిలిచేవాళ్లూ లేరు, పలికేవాళ్లూ లేరు. నా చెవులకు గబ్బిలం కీచు అందక ఎన్నేళ్లయిందో కూడా తెలియదు.

మోటారు గది ముందు మునిమనవరాలు తలెత్తి చూసింది. "అవ్వా, ఏందో కీచుకీచుమంటున్నయ్."

నాకు తిరిగే రెక్కలు మాత్రమే కనిపించాయి. "బయటియా, లోపలియా?"

"బయటియే. లోపల ఏం ఇనబడ్తలేదు."

మనవడు అప్పటికే గదిలోకి పోయి, చీకట్లో గోడ మీద మీట కోసం తడుముతున్నాడు. నా గొంతు నాకే తెలియకుండా లేచింది.

"ఉన్నవా?"

"ఏందవ్వా?" అన్నాడు.

అది జవాబు కాదు. మళ్లీ పిలిచాను.