తాత కత్తికి బళ్ళారి మెరుగు

మా వదిన ఎస్టీడీ బూతుకు నడిచి నాకు ఫోన్ చేసింది రెండే సార్లు. మొదటిసారి పెదనాన్న పోయినప్పుడు. రెండోసారి చేసిన ఫోనే ఈ ప్రయాణానికి కారణం.

"సుబద్రా, మీ అన్న కత్తిని బళ్ళారికి పంపించినాడు, కోటింగు ఏపిచ్చనీకి. ఎల్లుండి మీటింగులో నాయకునికి ఇస్తాడంట. నేను చెప్తే యాడ వింటాడు? నువ్వు రా" అని పెట్టేసింది.

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక మ్యూజియంలో పాత ఆయుధాల గదిలో పనిచేసేదాన్ని. తుప్పు వదిలించడం, నూనె రాయడం, ఏ కత్తి ఎలా చేశారో చూసి చెప్పడం నా పని. ఊరికాని ఊళ్ళ కత్తులన్నిటికీ సేవ చేసినదాన్ని, సొంతింటి కత్తికి ఈ గతి పడుతుంటే చూస్తూ కూర్చోవాలా? సెలవు చీటీ రాసిచ్చి, ఆ సాయంత్రమే కాచిగూడలో బండెక్కాను.

తెల్లవారేసరికి గుంతకల్లు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తినకుండా బస్సెక్కకండి. తర్వాత ఏమైనా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఏడు గంటలకు బళ్ళారి బస్సు దొరికింది. కిటికీ బయట నల్లరేగడి బీటలు వారి ఉంది. శనగ మొలిచినచోట మొలిచింది, మొలవనిచోట మట్టే. పక్క సీటు పెద్దాయన మూటను కాళ్ళ మధ్య సర్దుకుంటూ పలకరించాడు.

"ఏమ్మా, మీటింగుకేనా?"

కాదు, ఒక కత్తి పని మీద అన్నాను.

"ఓ, ఈసారి కత్తి ఇస్తాండారా? పోయినసారి వెండి నాగలి ఇచ్చినారు. వాన మాత్రం ఎవురూ ఇయ్యలేదు" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

విడపనకల్లులో దిగి, జీపులో పదిమంది మధ్య ఇరుక్కుని మా ఊరు చేరేసరికి తొమ్మిది దాటింది. ఓబులేసన్న, మా పెదనాన్న కొడుకు, అరుగు మీద కూర్చుని మీటింగుకు ఎన్ని ట్రాక్టర్లు కావాలో లెక్క వేయిస్తున్నాడు. వచ్చే ఎన్నికల్లో అతనికి జడ్పీటీసీ టికెట్టు కావాలి. అందుకే కత్తి.

ఆ కత్తి గురించి ఇక్కడే చెప్పాలి. మా వంశంలో ఎవరో ఒక పాళెగాడి దగ్గర కొలువు చేసి తెచ్చిందట. దసరాకు పీట మీద పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, మగవాళ్ళు వరసగా ముట్టి మొక్కేవారు. ఆడపిల్ల ముట్టకూడదు. పండగ ముందురోజు దానికి నూనె పెట్టి తుడిచేది మాత్రం మా వదినే. తుడిస్తే తప్పులేదు, మొక్కితేనే తప్పు. ఎక్కడి న్యాయమో మరి. నేను ఉద్యోగంలో చేరాక ఒక దసరాకు, మగవాళ్ళంతా పంక్తిలో కూర్చున్నప్పుడు వదిన దాన్ని నా చేతికిచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాను. కత్తి పొడుగునా సన్నని గీతలు, గాలికి చెరువు నీటి మీద లేచే అలల్లా. అవి ఎవరూ గీసినవి కావు. మూసలో ఉక్కు నిదానంగా చల్లారేటప్పుడు దానిలోనే పుట్టేవి. పిడి మీద జుట్టంత బంగారు తీగలను ఇనుములోకి కొట్టి అతికిన లతలు, పువ్వులు. ఇలాంటివి మా మ్యూజియంలోనే రెండు మూడుకు మించి లేవు.

"అన్నా, దాని మీద ఉండేది తుప్పు కాదు. దాన్ని గీకితే కత్తి పాడవుతుంది" అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

"మచ్చలు మచ్చలుగా ఉండాదిమ్మా. అట్లనే తీసకపోయి స్టేజీ మీద ఇస్తే నగుబాటు."

"ఇవ్వడం ఎందుకు అసలు?"

"మన ఇంట్లో ఉండి ఏం చేస్తాండాది? ఏడాదికి ఒగ నిమ్మకాయ కోస్తాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నువ్వు మ్యూజియంలో తుడిచేదానివి. రాజకీయం నీకేం తెలుస్తాది? గమ్మునుండు."

వదిన గడప లోపల నిలబడి నా వైపు చూసింది. మజ్జిగ తాగి, కత్తి తేవడానికి అన్న జీపు బళ్ళారికి బయలుదేరుతుంటే పిలవకపోయినా వెళ్ళి ఎక్కి కూర్చున్నాను. దారి పొడుగునా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. బళ్ళారి పొలిమేరలో ఒక హోటలు ముందు ఆపి, "ముందు తిను, కోపం తగ్గుతాది" అన్నాడు. మంచి భోజనం. కోపం మాత్రం తగ్గలేదు.

కోటింగు అంగడి ఒక సందులో ఉంది. బయటంతా మోటారుసైకిళ్ళ సైలెన్సర్లు, కారు బంపర్లు. లోపలికి వెళ్ళగానే ఆసిడ్ వాసనకు కళ్ళు మండాయి. గోడకు వరసగా పదిహేను దాకా కత్తులు వేలాడుతున్నాయి, అన్నీ అద్దాల్లా మెరుస్తూ. మీటింగుల్లో ఇచ్చేందుకు ఆ అంగడివాళ్ళే రేకుతో చేయించి అమ్మేవి. వంపు, పిడి ఆకారం అన్నిటికీ, మా కత్తికీ ఒకటే.

"మీదీ అయిపోయింది సార్. ఆ వరసలోనే ఉండాది" అన్నాడు అంగడాయన. "గుర్తుకు గుడ్డ కట్టింటిమి, తొట్టిలో ఊడిపోయింది. పిడి మీద పసుప్పచ్చగా ఏవో గీతలుండె, అంతా తోమించి నున్నగా చేసినాం."

ఎన్ని తరాల వెనకో ఒక పనివాడు కళ్ళు పోయేలా కూర్చుని అతికిన బంగారం అది. సాన పట్టే ఎమరీ చక్రానికి పెట్టి దుమ్ము చేసి, చేసినందుకు కూలి కూడా తీసుకుంటున్నాడు. ఏడుపు రాలేదు నాకు, ఒళ్ళు మండింది. అతన్ని అని ఏం లాభం? ఇంటివాడే తెచ్చి ఇచ్చాడు.

అన్న వరసంతా చూసి, అన్నిట్లోకి ఎక్కువ మెరిసేదాన్ని తీశాడు. గాలిలో రెండుసార్లు తిప్పాడు.

"ఇదే. చెయ్యి పెట్టంగానే తెలిసింది. తాత కత్తి కదా, రక్తానికి తెలుస్తాదిమ్మా" అన్నాడు. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

అది రేకు కత్తి. దూరం నుంచే తెలిసిపోయింది నాకు.

పాత కత్తిని పోల్చుకోవాలనుకునేవాళ్ళు మెరుపును నమ్మకండి. కత్తిని వీపు వైపు నుంచి చూడండి. చేత్తో సాగగొట్టిన కత్తి పిడి దగ్గర మందంగా మొదలై మొన దాకా కొంచెం కొంచెంగా పలచబడుతుంది. రేకు కత్తిరించి చేసింది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం. తర్వాత పిడి పట్టుకోండి. పాత పిడి ఇప్పటి చేతికి బిగుతుగా ఉంటుంది, వేళ్ళు ఇరుక్కుంటాయి. అన్న చేతిలోని పిడిలో ఇంకో చెయ్యి పట్టేంత చోటుంది.

నోటి దాకా వచ్చింది, నీ చేతిలోది రేకన్నా అని. చెబితే ఏమవుతుంది? దాన్ని గోడకు తగిలించి, అసలుదాన్ని వెతికించి రేపు స్టేజీ మీద ఇచ్చేస్తాడు. నోరు మూసుకున్నాను. అప్పుడే అతను అన్నాడు:

"పూజకు ఇంట్లోకి ఒగటి కావాల గదా. తక్కువలో ఒగటియ్యప్పా."

"నేను ఏరుతాను" అన్నాను.

"ఏరు, ఏరు. రేకుదానికి ఏరేదేముండాది?"

ఒక్కొక్క కత్తి వీపు చూస్తూ పోయాను. చివరి నుంచి మూడోది. వీపు మొనకు పోయేకొద్దీ పలచబడింది. పిడిలో నా వేళ్ళే బిగుసుకున్నాయి. పైన నికెలు పూత, పిడి బోడి. అయినా ఎత్తితే బరువంతా చేతిలోనే నిలిచింది. మిగతావి మొన వైపుకు లాగేస్తున్నాయి. అంగడాయన దాన్ని పాత పేపరులో చుట్టి జీపు వెనక పడేశాడు. అన్న తన కత్తిని మాత్రం ఒళ్ళో పట్టు పంచెలో పెట్టుకుని కూర్చున్నాడు. దారంతా వంశం గొప్పలు చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు పదింటికని చెప్పిన మీటింగు రెండింటికి మొదలైంది. నాయకుడు కత్తిని ఫోటోకు ఒకసారి పైకెత్తి, ఫ్లాష్ ఆరకముందే వెనక గన్‌మన్‌కు ఇచ్చేశాడు. అతను దాన్ని పట్టుకెళ్ళి జీపులో పడేస్తే లోపల ఇంకేవో రేకు కత్తులకు తగిలి మోగింది. వేరే ఊళ్ళవాళ్ళు ఇచ్చినవి. తాత కత్తి అనుకునే కదా మా అన్న దాన్ని ఇచ్చాడు. నిజంగా అదే అయి ఉంటే? ఆ మోత విన్నాక అన్న మీద ఉన్న కాస్త జాలి కూడా పోయింది నాకు. అతను చప్పట్లు కొడుతున్నాడు.

సాయంత్రం బస్సెక్కించడానికి వదిన వచ్చింది.

"కొత్త కత్తిని గూట్లో పెట్టినా" అంది. "పెట్టేటప్పుడు చేతికి తెలిసింది. ఇరవై ఏండ్లు తుడిచిండా గదా."

"అన్నకు చెప్పావా?"

"ఏం పని? టికెట్టు రాకపోతే దాన్నీ ఇంకొగనికి ఇస్తాడు."

పై పూత వదిలిస్తే లోపలి గీతలు మళ్ళీ తేలతాయని చెప్పాను. అవి ఉక్కు లోపలి దాకా ఉంటాయి. బంగారం మాత్రం ఇక రాదు.

"ఇప్పుడేం వదిలించొద్దులే. అట్లనే మెరవనీ" అంది. బస్సు కదిలింది.

గుంతకల్లులో బండి గంటన్నర ఆలస్యం. స్టేషన్ బల్ల మీద కూర్చుని కోపం దిగుతుందేమోనని చూశాను, దిగలేదు. తరతరాలు మొక్కిన మగవాళ్ళు దాన్ని పోల్చుకోలేకపోయారు. ముట్టవద్దన్న ఆడవాళ్ళిద్దరం చీకట్లో ఇచ్చినా పోల్చుకుంటాం. మా ఇంటి కత్తి ఇప్పుడు గూట్లో క్షేమంగా ఉంది. అది రేకుదని మా అన్న నమ్మినన్నాళ్ళూ ఉంటుంది.